తడి ఆరని గోడ

పొద్దున పూసిన సున్నం పొద్దు గూకేసరికి ఆరిపోతుంది. ఈ సంగతి శబలగిరి రాజ్యంలో తాపీ పట్టిన ప్రతివాడికీ తెలుసు. తడి సున్నం మీద వేసిన రంగు సున్నంతో పాటే గట్టిపడి గోడలో కలిసిపోతుందనీ, ఆ తర్వాత గోకినా కడిగినా రాదనీ కూడా తెలుసు. కానీ ఆ గోడ మీద వేస్తున్నది బతికున్న మనిషి బొమ్మ అయితే, తడి ఆరడంతో పాటు ఆ మనిషీ గోడలో కలిసిపోతాడని, వేసేవాడు కాక, ఆ మధ్యాహ్నం ఇద్దరికే తెలుసు. ఒకరు మంకెన. రెండోది ఒక తోలుబొమ్మ.

మంకెన బట్టల మీద బొమ్మలు వేసే ఇంటి పిల్ల. ఆమె అన్న తిప్పన్న మాత్రం కలం వదిలేసి తాపీ పట్టాడు. గోడకు అతను సున్నం పూస్తే అందులో ముఖం చూసుకోవచ్చునని చెప్పుకునేవారు. ఆరు నెలల కిందట మాంత్రికుడు వజ్రలేపుడు తన చిత్రశాలకు సున్నం పూయమని అతన్ని పిలిపించుకున్నాడు. గోడలన్నీ పూయించుకుని, చివరి గోడ మీద పూసినవాడి బొమ్మనే వేయడం మొదలుపెట్టాడు.

ఇక తోలుబొమ్మ ఎవరంటే, సాక్షాత్తూ యువరాజు కీర్తిధరుడు. కిందటేడు కత్తి దూసి వజ్రలేపుడి మీదికి వెళ్ళి, మేకతోలు బొమ్మై, చెవి ఎలుకలు కొరికేశాక పనికిరాడని పెంటకుప్ప మీద పడి, అక్కడ మంకెనకు దొరికాడు. వెనకనుంచి వెలుగు పడితే మాట్లాడతాడు. వెలుగు లేకపోతే ఉత్త తోలు.

చిత్రశాల గుమ్మం ముందు మంకెన అతన్ని ఎండకు అడ్డంగా పట్టుకుంది.

"నీడ చూడు మంకెనా," అన్నాడు కీర్తిధరుడు. ముఖం పక్కకే చెక్కి ఉండడం వల్ల ఎవరితో మాట్లాడినా పక్కవాడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. "గడప దాటి రెండు జానలు వచ్చింది. ఇంకా ఏడు గడియల పొద్దు ఉందంతే."

"తెలుసు దొరా. పొద్దుటి నించీ అదే చూస్తన్నాను. నా మీసం సరిగ్గా ఉందా?"

"బాగానే ఉంది. కాస్త ఎడంపక్క ఎక్కువైంది."

ఆ మీసం ఆమె బట్టల మీద నల్లగీతలు గీసే కసింతో గీసుకున్నది. ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో పులిసి తయారైన ఆ నలుపు నెల దాకా పోదు. తలపాగా చుట్టి, పంచె గోచీ పెట్టి, మంకయ్య అని పేరు పెట్టుకుంది. నెత్తిన బట్టల మూట, చంకలో రెండు ముంతలు, చేతిలో నిప్పుల కుండ. గుండె మాత్రం మంకయ్యది కాదు, మంకెనదే. అది ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది.

ఏడంతస్తుల మేడ అది. ఏనుగు దంతపు తలుపులు, దంతం మీద గోటిమందాన చెక్కిన లతలు, లతల నడుమ పగడపు పిట్టలు, పిట్టల ముక్కుల్లో ముత్యపు గింజలు. చేతిలో పనిముట్టు ఉన్నవాడు ఎదురుగా నిలబడితే ఆ తలుపులు తమంతట తామే తెరుచుకుంటాయి. లోపలినుంచి బయటికి రావడానికి మాత్రం ఎవరికీ తెరుచుకోవు. మంకెన కలం చూపించింది. తలుపులు తెరుచుకున్నాయి.

మొదటిది రాతిశాల. రెండు పక్కలా నల్లరాతి భటులు ఈటెలెత్తి నిలబడ్డారు. అవతలి కొసన ఎత్తయిన పీఠం మీద వజ్రలేపుడి విగ్రహం ఉంది. కిరీటం, కుండలాలు, వేలి ఉంగరం మీది రాళ్ళతో సహా అన్నీ ఉన్నాయి గానీ కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి ఉంది. మంకెన అడుగు పెట్టగానే భటుల మెడలు పటపటమని తిరిగాయి. ఒక ఈటె ఆమె తలపాగా అంచును చీల్చుకుంటూ పోయింది. ఆమె వెనక్కి గెంతి, గోడ చీలికలోంచి పడుతున్న సన్నటి ఎండకు తోలుబొమ్మను పట్టుకుంది.

"వీళ్ళను కొండరాతిలో ముందువైపే చెక్కారు," అన్నాడు కీర్తిధరుడు గబగబా. "వీపులు ఇంకా కొండకే అంటుకుని ఉన్నాయి. కదలి రాలేరు. చెయ్యి చాచినంత మేరే వాళ్ళ రాజ్యం. సరిగ్గా నడిమధ్యన పో."

నడిమధ్యన మిగిలింది జానెడు దారి. మంకెన మూటను గుండెకు హత్తుకుని, ఊపిరి బిగబట్టి, పక్కవాటుగా నడిచింది. ఈటె మొనలు ఆమె ముక్కుకు ముందొకటి, వీపుకు వెనకొకటి ఆడుతున్నాయి. ముంతలో ఒక్క చుక్క ఒలికినా తన ఎత్తు పారదని ఆమెకు తెలుసు. అందుకే ముక్కు కంటే ముంతను భద్రంగా కాచుకుంది.

రెండోది కర్రశాల. పొణికి కర్రతో చేసి, ఎర్రలక్క, పచ్చలక్క పూసిన బొమ్మ సైనికులు నూరుమంది. ఇక్కడా కళ్ళులేని వజ్రలేపుడు, ఈసారి కర్రవాడు. వీళ్ళ వీపులు ఏ కొండకూ అంటుకుని లేవు. టకటకమని గెంతుతూ నాలుగు వైపులనుంచీ ముసురుకున్నారు. చేతికర్రలతో మోకాళ్ళ మీద కొడితే మంకెన ముంతలు ఒలకనివ్వకుండానే కూలబడింది. ఇక్కడ బొమ్మకు వెనక పట్టేంత వెలుగూ లేదు, తోలుబొమ్మ పలకనూ పలకడు. ఇంక తనకు తెలిసిందే దిక్కు. లక్క ఎలా పూస్తారు? తిరిగే కర్రకు లక్కముక్క అదిమిపెడితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. వేడికి అంటుకున్నది వేడికే జారుతుంది.

ఆమె నిప్పుల కుండ మూత తీసి, దోవ మధ్యలో పెట్టి, తలపాగా కొంగుతో విసిరింది. ముందు వరుసవాళ్ళ పాదాలు నేలకు అతుక్కున్నాయి. వెనకవాళ్ళు వాళ్ళ వీపులకు అతుక్కున్నారు. నిప్పుల వెలుగు సోకి కీర్తిధరుడికి మాట వచ్చింది.

"నన్ను అవతల పెట్టు తల్లీ, నేను తోలుని. చెవి పోయింది చాలదా?"

మంకెనకు నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. కుండ తీసుకుని ఆమె ఆ అతుక్కున్న ముద్ద పక్కనుంచి పరుగెత్తింది.

మూడోది కంచుశాల. వాకిట్లో కంచు ద్వారపాలకుడు గదతో అడ్డం నిలిచాడు. వాడికి ఈటెలూ ఎత్తులూ లేవు, ఒక్క ప్రశ్న ఉంది. చెప్పినవాడు లోపలికి పోతాడు, చెప్పలేనివాడి తల గద కిందికి పోతుంది.

"ముందు నా రూపం తనది," అన్నాడు వాడు గంట మోగినట్టు. "నేను పుట్టాలంటే తను కరిగి పోవాలి. తను పోయిన చోటే నేను నిలిచాను. ఎవరది?"

మంకెన గద వైపు చూసింది. తల్లి అందామనుకుంది. పెదవి దాకా వచ్చాక ఆగింది. ఎదురుగా ఉన్నది పోతపోసిన కంచు. పోతపనివాడు ముందు దేంతో బొమ్మ చేస్తాడు? దాని మీద మట్టి మెత్తి, కాల్చి, దేన్ని కరిగించి పోగొట్టి, ఆ ఖాళీలో కంచు పోస్తాడు?

"మైనం," అంది.

గద పక్కకు తొలగింది. కంచుశాలలోనూ వజ్రలేపుడి విగ్రహం ఉంది. దానికీ కళ్ళు లేవు. మంకెన దాన్ని ఒక్క క్షణం నిలబడి చూసింది. కీర్తిధరుడి దగ్గర తను విన్నది నిజమే. ఈ చిత్రశాలకు మాంత్రికుడు వేసిన కట్టు ఒకటుంది. ఇక్కడ ఎవరి రూపమైనా నిండుగా చేసి కళ్ళు తెరిపిస్తే, ఆ రూపం గలవాడు ఆ బొమ్మలోకి పోక తప్పదు. వేసినవాడికీ ఆ కట్టు నుంచి మినహాయింపు లేదు. ఎవరు తీసిన గోతికైనా లోతు ఒక్కటే. అందుకే తన రూపాన్ని ముచ్చటపడి ఎన్ని చేయించుకున్నా కళ్ళు మాత్రం పెట్టనివ్వడు.

నాలుగోది గోడశాల.

అక్కడ పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. తూర్పు గోడ మీద తిప్పన్న ఉన్నాడు. మోకాలి దాకా ఎత్తి కట్టిన పంచె, చేతిలో తాపీ, ఎడం మోచేతి మీద చిన్నప్పుడు కాలిన మచ్చతో సహా, మంత్రంతో తడి సున్నంలోకి దింపిన అన్నగారే. అంచుల్లో సున్నం అప్పుడే తెల్లబడుతోంది. నడుమ ఇంకా తడి నలుపు ఉంది. ముఖంలో కళ్ళు పెట్టలేదు.

మంకెన ప్రాణం లేచి వచ్చింది. కళ్ళు తెరవని బొమ్మ ఇంకా బొమ్మ కాదని వాళ్ళింట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కళ్ళు ఎప్పుడూ చివరికే. అంటే అన్న ఇంకా దక్కుతాడు. అంత భయంలోనూ ఆమెకు కడుపు చల్లబడింది.

వజ్రలేపుడు కుంచె పట్టుకుని ఇటు తిరిగాడు. తాటిచెట్టంత మనిషి, జుట్టు నిండా సున్నపు పొడి, పది గోళ్ళకూ పది రంగులు. దూలం మీద కంచు చిలుక ముక్కున వెండి భరిణె పట్టుకుని కూర్చుంది.

"ఎవడ్రా నువ్వు?"

"మంకయ్యని స్వామీ. తమ శాలల్లో రాయి ఉంది, కర్ర ఉంది, కంచు ఉంది, తోలు ఉంది, గోడ ఉంది. గుడ్డ లేదు. గుడ్డ మీద తమ రూపు నిలబెడదామని వచ్చాను."

"గుడ్డా?" వజ్రలేపుడు నవ్వాడు. "ఉడకబెట్టడం, ఉతకడం, ఆరేయడం. అది చాకిరేవు పనిరా. దాన్ని కూడా విద్య అంటారా మీ ఊళ్ళో?"

"అంటారు స్వామీ. తమరికి రాని విద్య."

ఆ మాట సూటిగా తగిలింది. వజ్రలేపుడు కుంచె కింద పెట్టాడు. "సరే, నన్ను గీయి. తడి ఆరాక వీడికి కళ్ళు పెట్టేదాకా నాకూ పొద్దు పోవాలి. కానీ నా బొమ్మకు కళ్ళ జోలికి వెళ్ళావా, కలం చేతిలో ఉండగానే రాయివైపోతావు. పక్కనే కూర్చుని చూస్తుంటాను."

మంకెన మూట విప్పింది. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ. పాల కొవ్వు లేకపోతే రంగు పాకి గీత చెడుతుంది. ఇంటి దగ్గరే ఆ పని చేసుకుని రాకపోతే ఇవాళ గీత కాదు గదా చుక్క కూడా నిలిచేది కాదు. వెదురు పుల్లకు దూది చుట్టి దారం కట్టిన కలాన్ని కసింలో ముంచి, చూపుడువేలితో దూదిని నొక్కుతూ మొదలుపెట్టింది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత పడుతూనే నల్లబడింది. కిరీటం, కుండలాలు, కోలముఖం, ముక్కు. వజ్రలేపుడు ముందు ఎగతాళిగా చూశాడు. తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

తూర్పు గోడ మీద తెల్లబడ్డ అంచు తిప్పన్న మడమను తాకింది.

మంకెన కలం కడిగి రెండో ముంతలో ముంచింది.

"అదేమిటి?" వజ్రలేపుడి చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది.

"పటిక నీళ్ళు స్వామీ. రంగు పట్టడానికి."

అతను ఒక చుక్క తీసి గోరు మీద వేసుకుని చూశాడు, వాసన చూశాడు. ఏ రంగూ లేదు. చెయ్యి వదిలేశాడు.

మంకెన అబద్ధం చెప్పలేదు. పటిక నీళ్ళు గుడ్డ మీద కనిపించవు. చిరివేరు వేసి ఉడికిస్తే, పటిక తాకిన చోటల్లా ఎరుపు పట్టి పైకి తేలుతుంది. మిగతా చోట నిలవదు. గీసింది తెలియడానికి పటికలో చిటికెడు ఎర్రమట్టి కలుపుకోవడం వాళ్ళింటి అలవాటు. ఇవాళ కలపలేదు. పంచె మీద, పెదవి మీద, ఉత్తరీయం మీద ఆ నీళ్ళు పూస్తూ పోయింది. ఆ పూతలోనే రెప్పపాటున కలం ముఖం మీదికి వెళ్ళి వచ్చింది. రెండు కళ్ళు, రెండు పాపలు. కనిపించని చోట కనిపించని గీత, చూసుకోవడానికి వీల్లేదు, దిద్దుకోవడానికి వీల్లేదు. వెంట్రుకవాసి తప్పితే అవి కళ్ళు కావు, మరకలు.

వజ్రలేపుడు వంగి చూశాడు. కళ్ళ చోట ఖాళీగానే ఉంది. తృప్తిపడ్డాడు.

వజ్రం బంక కాచే అతని గుండిగలోనే చిరివేరు వేసి, నిప్పు రాజేసి, గుడ్డ ముంచి కర్రతో తిప్పడం మొదలుపెట్టింది. ఉడకాలి. ఉడకడానికి తొందరలేదు, దాని పద్ధతి దానిది. ఆ పద్ధతిలో గడియ గడిచింది, రెండో గడియ గడిచింది. తెల్లదనం తిప్పన్న మోకాళ్ళు దాటింది, నడుము దాటింది. తాపీ పట్టిన చెయ్యి తెల్లబడింది. నీళ్ళు ఎర్రబడ్డాయి గానీ గుడ్డ మీద రంగు ఇంకా తేలలేదు. మంకెన కర్ర తిప్పుతూ లోపల్లోపల దేవుళ్ళందరినీ వరసన పిలిచింది. ఒక్కరైనా ఇంటి దగ్గర ఉండకపోతారా అని.

"చాల్లే, నా పని నాకుంది," అంటూ వజ్రలేపుడు లేచాడు. దూలం వైపు చెయ్యి చాచాడు. చిలుక భరిణెతో అతని భుజం మీద వాలింది. "గోడ ఆరవచ్చింది. వీడికి కళ్ళు పెట్టాలి."

"ఒక్కసారి తమ బొమ్మ చూసుకోండి స్వామీ. తేలింది."

కర్రతో గుడ్డను పైకెత్తింది. ఎర్రటి పంచె, ఎర్రటి పెదవి, ఆవిరిలో నిలువెత్తు వజ్రలేపుడు. ఆవిరి విడిపోయింది. ముఖంలో రెండు కళ్ళు ఎర్రగా తెరుచుకుని, సూటిగా తమ యజమానినే చూస్తున్నాయి.

"ఇవి ఎప్పుడు—" అన్నాడతను. మాట సగం గాలిలో ఉండగానే మనిషి గుడ్డలోకి పోయాడు. రంగు గోళ్ళ చేతులు చివరగా పోయాయి. చిలుక కీచుమని అరిచి, భరిణె ముక్కున కరుచుకుని, పడమటి కిటికీలోంచి ఎగిరిపోయింది. పీడా పోయింది, ఒక శత్రువు తగ్గాడనుకుంది మంకెన.

గోడ చూస్తే తిప్పన్న గుండె దాకా తెల్లబడింది. ఆమె ఉడుకు నీళ్ళు కారుతున్న గుడ్డను రెండు చేతులా ఎత్తి, అరచేతులు బొబ్బలెక్కుతున్నా వదలకుండా, గోడకు చప్పున అంటించింది. తడి మళ్ళీ గోడ నిండా పాకింది.

"ఒరేయ్ మంకయ్యా," గుడ్డలోంచి వజ్రలేపుడి గొంతు, ఈసారి సన్నగా. "తియ్యి. సున్నం తగిలితే నా ఎరుపు మాడిపోతుంది."

"గోడ ఆరితే నువ్వూ దాంతోనే ఆరతావు. మా అన్నతో పాటు నువ్వూ. ఈ గోడ విప్పే మంత్రం చెప్పు."

"చెబితే?"

"గుడ్డని తీసి నీళ్ళలో జాడిస్తాను. చెప్పకపోతే ఇక్కడే కూర్చుంటాను. నాకు తొందరలేదు." తొందర ఎవరికో ఇద్దరికీ తెలుసు.

గుడ్డ మీది పెదవి మాడిన రంగులోకి తిరుగుతోంది. వజ్రలేపుడు మంత్రం చెప్పాడు. మంకెన అక్షరం పొల్లుపోకుండా పలికి గుడ్డను లాగేసింది. గోడ ఉబ్బింది. ముందు తాపీ ఖణేలుమని నేల మీద పడింది. తర్వాత చెయ్యి వచ్చింది, కాలిన మచ్చ వచ్చింది, సున్నం రాలుతూ మనిషంతా వచ్చి ఆమె భుజాన వాలాడు. మంకెన ఏడ్చింది. ఇంక ఏడవడానికి భయం లేదని ఏడ్చింది.

"మంకెనా? నువ్వేనా?" తిప్పన్న ఆమె ముఖం తడిమాడు. "చాలా పొద్దు పోయినట్టుందే. దీపం పెట్టకూడదా?"

ఎదుట కిటికీలో పొద్దు ఇంకా ఎర్రగా నిలిచి ఉంది. అతని రెప్పలు మూసి ఉన్నాయి. అవి రెప్పలు కావు. గోడ మీద ఉన్నట్టే నున్నటి చర్మం.

నేల మీది గుడ్డ నవ్వింది. "కళ్ళు లేని బొమ్మకు కళ్ళు ఎక్కణ్ణించి వస్తాయే? ఎవడి కళ్ళు పెట్టాలన్నా ముందు వాడి చూపు తీసి కాటుక చేస్తాను. భరిణెలో ఉంది. భరిణె చిలుక దగ్గరుంది. చిలుక నా గురువు దగ్గరికి, అంజనగిరికి పోయింది."

కళ్ళు పెట్టలేదని తను కడుపు చల్లబరుచుకున్నది ఈ ముఖం చూసే. మంకెన కిటికీ వైపు పరుగెత్తింది. తోలుబొమ్మను కిటికీకి పట్టుకుంది.

"అంజనగిరికి దారి నాకు తెలుసు," అన్నాడు కీర్తిధరుడు. "ఉప్పుటేరు దాటాక మూడు దారులు. ఎడమది పట్టుకోకు. నడుమ దారిన—"

పొద్దు గూకింది. చేతిలో ఉత్త తోలు మిగిలింది. శాల నాలుగు మూలలా చీకటి నిండింది. నిప్పుల కుండ గుండిగ కిందే బూడిదైపోయింది. చీకట్లో, అవతలి శాలలోంచి, లక్క చల్లారి పెళుసై విడివడిన కర్రకాళ్ళు టకటకమంటూ ఇటే వస్తున్నాయి. మంకెనకు తలుపు ఎటుందో తెలియలేదు. తెలిసినా ఆ తలుపు లోపలినుంచి తెరుచుకోదు.

"అన్నా, చీకటి పడింది. ఇందాక కాదు, ఇప్పుడు." ఆమె చేతులతో చీకటిని తడిమింది. "నాకేమీ కనబడడం లేదు. ఎటు పోవాలో తెలీదు."

తిప్పన్న తన ముఖం తానే ఒకసారి తడుముకున్నాడు. వంగి, నేల మీద వెతికి, తాపీ అందుకున్నాడు. ఎడం చెయ్యి గోడకు ఆనించాడు.

"ఈ గోడలన్నీ పూసింది ఈ చేతులే," అన్నాడు. "బయటినుంచి సున్నం తట్టలు మోసే దారొకటి ఉంది, రంగులేసేవాళ్ళెవరూ అటు రారు. నా పంచె చెంగు పట్టుకో. వదలకు."

మంకెన తోలుబొమ్మను నడుముకు దోపుకుని, తడిగుడ్డ చుట్టి చంకన పెట్టుకుంది. రెండో చేత్తో అన్న పంచె చెంగు పట్టుకుని, గోడ వెంట అతను వేసే అడుగులో అడుగు వేసింది.